నూనె వాసన చొక్కా

లింబాద్రి మంచివాడే. ఆ మంచితనమే ఆ శుక్రవారం చెంచయ్య కొంప ముంచబోయింది.

ఇద్దరూ సౌదీలోని రాస్ తనూరా నూనె రిఫైనరీలో కాంట్రాక్టు పనివాళ్ళు, క్యాంపులో ఒకే గది. చెంచయ్య స్నానానికి వెళ్ళినప్పుడు అతని మంచం మీద ఎర్ర చొక్కా కనబడితే లింబాద్రి వాసన చూశాడు. నూనె కంపు. వాళ్ళ డ్యూటీ బట్టలకు రోజూ ఉండే కంపే. పాపం అన్నకు సెలవు రోజు కూడా చాకిరేనా అనుకుని, తన బట్టలతో పాటు జిడ్డు మందు కలిపిన వేడినీళ్ళ డ్రమ్ములో ముంచేశాడు.

"మస్తు జిడ్డున్నదన్నా, నానేసిన" అన్నాడు, చెంచయ్య తిరిగి రాగానే.

"అది జిడ్డు కాదురా నాయనా. తేలియా గుడ్డ."

చెంచయ్యది చీరాల. పూర్వం అక్కడి నేతగాళ్ళు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదనీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, ఆపైన ముడులు కట్టి ఎరుపూ నలుపూ అద్దేవాళ్ళు. ఆ నూలుతో నేసిన తేలియా రుమాళ్ళు ఓడలెక్కి ఈ అరబ్బుల తలలకే వచ్చేవి. నూనె పట్టిన గుడ్డ ఎండలో తలకు చల్లదనమని పేరు. కొనేవాళ్ళు తగ్గాక రుమాలు కాస్తా చొక్కా అయింది. చెంచయ్య తండ్రి ఇరవై ఏళ్ళ కిందట రంగు కుండలు బోర్లించి, నిరుడు మళ్ళీ తిప్పి, కొడుకు కోసం ఈ ఒక్క గుడ్డ నేశాడు. ఇంకోటి నేయడానికి ఆయన చేతులు సాగవు. సాయంత్రం వీడియోలో తొడుక్కుని చూపించాలి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇద్దరూ డ్రమ్ము దగ్గరికి పరుగెత్తారు. చెంచయ్య కళ్ళు మూసుకునే చొక్కా పైకి లాగాడు.

"కండ్లు తెరువన్నా" అన్నాడు లింబాద్రి.

ఎరుపు ఎరుపుగానే ఉంది. నలుపూ అంతే. తెలుపైతే ఇంకా తేటపడింది. పోయింది నూనె వాసనొక్కటే. చెంచయ్యకు నవ్వొచ్చింది, చొక్కాను తీగ మీద ఆరేశాడు.

సాయంత్రం చొక్కా ఇంకా పచ్చిగానే ఉంది. దాన్ని చేత్తో పట్టుకునే, జరిగిందంతా వీడియోలో తండ్రికి చెప్పి తిట్లకు సిద్ధపడ్డాడు.

"వేణ్ణీళ్ళల్లోనా?" అన్నాడు ముసలాయన.

"అవును నాయనా. మందు కూడా కలిపాడంట."

"లైటు కిందికి రా." ఆయన ఫోను కళ్ళకు ఆనించుకుని చాలాసేపు చూశాడు. "రంగు దిగలేదే."

"చుక్క కూడా దిగలేదు."

ముసలాయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఇన్నేళ్ళ తర్వాత కలిపిన రంగురా. నిలుస్తుందో లేదోనని భయపడి, ఒక్కసారి కూడా ఉతక్కుండానే పంపాను. ఆ లింబాద్రికి నా దండం చెప్పు."