సామాను దగ్గర మనిషి

వెర్లీన్ నీలం సంచీ పట్టీని ఎర్ర సంచీ పట్టీలోంచి దూర్చి, రెండింటినీ కలిపి కుర్చీ కాలికి ముడివేసింది. చెప్పులు జతలు జతలుగా గొడుగు నీడలోకి జరిపింది. ఎవరి కళ్ళజోళ్ళు వాళ్ళ చెప్పుల్లో పెట్టింది. ఫోన్లన్నీ తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. దూరంగా లోతు నీళ్ళలో ఓడ లంగరేసి ఉంది. చిన్న పడవలు అందులోంచి జనాన్ని తెచ్చి దీవి రేవులో దింపి, మళ్ళీ ఖాళీగా వెనక్కి పోతున్నాయి. వెర్లీన్ కుటుంబం పెటిగ్రూల కుర్చీలు మాత్రం అప్పటికే రెండు వరసలుగా సిద్ధంగా ఉన్నాయి. మొదటి పడవలోనే వచ్చిన లొరేటా ఒక్కో కుర్చీ మీద ఒక్కో తువ్వాలు పరిచి, క్లిప్పులు బిగించి, నీళ్ళకు దగ్గర్లో ఉన్న మంచి చోటంతా కబ్జా చేసేసింది.

లొరేటా వెర్లీన్‌కి చెల్లెలు. ఈసారి కుటుంబ కలయిక జార్జియాలో ఎవరి పెరట్లోనో కాకుండా ఓడ మీద జరగాలని పట్టుబట్టింది ఆమే. అందరికీ పసుపుపచ్చ చొక్కాలు చేయించి, వీపు మీద చెట్టు బొమ్మ వేయించి, కొమ్మకొక పేరు రాయించిందీ ఆమే. మెడలో ఈల వేసుకుని తిరుగుతుంది. ఆ ఈల ఊదితే ముసలీ ముతకా కూడా తింటున్నదీ తాగుతున్నదీ వదిలి లేచి నిలబడతారు.

"అక్కా, నువ్విక్కడే ఉంటావుగా?" అంది లొరేటా, అప్పటికే నీళ్ళవైపు నడుస్తూ.

"ఉంటాలే, పొండి."

అది అడగడం కాదు. పెటిగ్రూల ఇంట్లో ఆ మాటకు ఇంకో జవాబు ఉంటుందని ఎవరికీ తోచదు. పిక్నిక్కు వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, బంతాట చూడటానికి వెళ్ళినా సామాను దగ్గర వెర్లీన్ ఉంటుంది. ఫోటోల్లో ఆమె కనిపించదు. ఫోటో తీసే వాళ్ళ సంచీ కూడా ఆమె దగ్గరే ఉంటుంది.

అయితే ఈవేళ ఆమెకు సముద్రంలో దిగాలని ఉంది. మెడ దాకా. ఒక్కసారి. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోయినా చెయ్యాల్సిన ఏర్పాట్లన్నీ చేసుకుంది. పసుపు చొక్కా కింద, పొడుగు లంగా కింద, ముదురు నీలం రంగు ఈత దుస్తు వేసుకుని ఉంది. దుకాణంలో తలుపు గడియ వేసుకుని దాన్ని తొడుక్కుని, అద్దంలో తన లావు తొడల్ని చూసుకుని, చాలాసేపు అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది. దిగడం కుదరకపోతే వెనక్కి ఇచ్చెయ్యొచ్చని ధర చీటీ కూడా తెంచలేదు. అది చంక కింద గుచ్చుకుంటోంది. తడిస్తే పాడవకుండా తల నిండా సన్నసన్నని జడలు అల్లించుకుంది. తమ్ముడి కూతురు రోషెల్ అది చూసి, "ఏంటత్తా, ఈ వయసులో కొత్త సోకులు! ఓడలో ఎవరైనా తాతయ్య దొరికాడా?" అని ఏడిపించింది. వెర్లీన్ నవ్వి ఊరుకుంది. రోషెల్ తెలివైన పిల్లే, కానీ అసలు సంగతి ఊహించలేకపోయింది.

చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఈతకొలను తెల్లవాళ్ళది. వాళ్ళలాంటి నల్లవాళ్ళు కంచె ఇవతల నిలబడి చూడొచ్చు, అంతే. అందరినీ రానివ్వాలని కోర్టు చెప్పిన వేసవిలో ఊరి పెద్దలు దాన్ని మట్టితో పూడ్చి పైన గడ్డి నాటారు. ఇక మిగిలింది వాగు. వాగుకు పోయినప్పుడు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ గుడ్డలు విప్పి గట్టున పడేసి దూకేవాళ్ళు. పెద్దపిల్ల కనుక వెర్లీన్ ఆ గుడ్డల దగ్గర కూర్చునేది. కూర్చోమని ఎవరన్నారో ఆమెకు గుర్తులేదు. అసలు ఎవరూ అని ఉండరు.

పెద్దయ్యాక మేకన్‌లో ఆస్పత్రి ఉద్యోగం దొరికింది. రోగులు లోపలికి పోయేముందు ఇచ్చే ఉంగరాలు, గడియారాలు, కట్టుడు పళ్ళు, బూట్లు పేరు రాసి దాచిపెట్టే గదిలో పని. గదికి ఒక చిన్న కిటికీ. కోలుకున్నవాళ్ళు వచ్చి తమ వస్తువులు తీసుకునేవాళ్ళు. కోలుకోని వాళ్ళ తరఫున బంధువులొచ్చేవాళ్ళు. సంచీ చేతిలోకి తీసుకుని దాదాపు ప్రతివాళ్ళూ ఒకటే అడిగేవాళ్ళు, "ఇంతేనా?" అని. ఇంతేనండీ అనేది వెర్లీన్. పదవీ విరమణ రోజున ఆస్పత్రివాళ్ళు కేకు కోసినప్పుడు, ఆ కిటికీ వెనక ఉండేది ఈమేనా అని ఇద్దరు ముగ్గురు డాక్టర్లు ఆశ్చర్యపోయారు. పెళ్ళి ఒకటి కుదిరి తప్పిపోయింది. దానికి ఆమె మరీ బాధపడలేదు, లేదా బాధపడినట్టు ఎవరికీ కనిపించలేదు.

"గుడ్ మార్నింగ్ అమ్మా."

తలెత్తి చూస్తే దీవిలో పనిచేసే మనిషి. యాభై దాటి ఉంటాయి, తలకు పూల గుడ్డ కట్టుకుంది, చేతిలో ఇసుక చదును చేసే పళ్ళచట్రం. చొక్కా మీద ఇనెజ్ అని పేరు కుట్టి ఉంది. పక్క దీవి నుంచి రోజూ పడవలో వచ్చి, ఓడ ఉన్నంతసేపూ పనిచేసి, ఓడ పోయాక కుర్చీలు మడిచి ఇంటికి పోతుంది.

"గుడ్ మార్నింగ్ తల్లీ," అంది వెర్లీన్.

ఇనెజ్ మొహం విప్పారింది. "హమ్మయ్య! పొద్దున్నుంచి పలకరిస్తూనే ఉన్నానండీ, ఒక్కళ్ళు మారు పలికితే ఒట్టు. మా దీవుల్లో పిల్లలు ఇలా పలక్కుండా పోతే వాళ్ళని కాదు, వాళ్ళ అమ్మనే తిడతారు."

"మా ఊళ్ళోనూ అంతే."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇనెజ్ ఇసుక గీసుకుంటూ ముందుకు పోయింది.

ఎండ ముదిరింది. చెట్ల కింద ఓడవాళ్ళు మాంసం కాలుస్తున్న వాసన గాలిలో తేలివచ్చింది. పెటిగ్రూలందరూ తడిబట్టలతోనే వెళ్ళి వరసలో నిలబడి, పళ్ళేలు నింపుకుని, చెట్ల నీడన బల్లల దగ్గర తిన్నారు. వెర్లీన్‌కి లొరేటా పట్టుకెళ్ళి ఉంటుందని రోషెల్ అనుకుంది. రోషెల్ పట్టుకెళ్ళి ఉంటుందని లొరేటా అనుకుంది. తమ్ముడు క్లియోఫస్ ఒక్కడే ఇటు వచ్చాడు, సగం కొరికిన మొక్కజొన్న కండెతో.

"తిన్నావా అక్కా?"

"ఆకలిగా లేదురా."

"సరేలే," అని వాడు టోపీ తీసుకుని పోయాడు. ఆకలి ఉంది. కానీ ఆకలి సంగతి చెప్పడం మొదలుపెడితే రెండో సంగతి కూడా బయటికొచ్చేస్తుందని ఆమె భయం.

కాసేపటికి లొరేటా కొడుకు మార్విన్ ఒంటికి రాసుకునే క్రీము కోసం పరిగెత్తుకొచ్చాడు. వాడు సంచీలో వెతుకుతుంటే వెర్లీన్ గొంతు సవరించుకుంది.

"మార్విన్, కాసేపు ఇక్కడ కూచుంటావేంట్రా?"

"రెండు నిమిషాల్లో వచ్చేస్తా పెద్దమ్మా!" అని వాడు క్రీముతో ఉడాయించాడు. వాడి రెండు నిమిషాలు ఎంతసేపో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఇక ఉండబట్టలేక, లొరేటా తువ్వాలు కోసం వచ్చినప్పుడు నేరుగానే అనేసింది. "నాకూ ఓసారి నీళ్ళలో దిగాలని ఉందే."

లొరేటా ఆమెను పైనుంచి కిందికి చూసింది. "నువ్వా? అల్లించుకున్న జుట్టంతా పాడుచేసుకుంటావా? పడవ మెట్లు దిగడానికే ఆయాసపడ్డావు, నేను చూళ్ళేదనుకోకు. రేపు ఓడలో తొట్టి ఉందిగా, కాళ్ళు పెట్టుకుని కూచుందువుగాని. ఎవరైనా పట్టుకుంటారు." అని భుజం తట్టి వెళ్ళిపోయింది. చెల్లెలికి ఆమె మీద ప్రేమ లేక కాదు. సామాను దగ్గర వెర్లీన్ లేని సముద్రాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు, అంతే.

వెర్లీన్‌కి కోపమొచ్చింది. ఆమెకు కోపం రావడం అరుదు, వచ్చినా దాన్ని ఏం చెయ్యాలో తెలీదు. ఒళ్ళో ఉన్న ఫోన్ల మూటను ఇటు నుంచి అటు మార్చింది.

ఇనెజ్ తడి తువ్వాళ్ళు ఏరుకుంటూ మళ్ళీ ఇటు వచ్చింది. "ఇంకా దిగలేదా అమ్మా? ఇంత దూరం వచ్చి?"

"సామాను ఉంది కదా తల్లీ. ఎవరైనా ఎత్తుకుపోతే?"

ఇనెజ్ చేతిలోని తువ్వాళ్ళు కింద పెట్టి మరీ నవ్వింది. "ఎత్తుకుని ఎక్కడికి పోతాడండీ దొంగ? ఇది దీవి! ఈదుకుంటూ పోవాలి, మీ మూటలన్నీ నెత్తిన పెట్టుకుని."

వెర్లీన్ కూడా నవ్వబోయి ఆగింది. చుట్టూ చూసింది. ఇసుక నిండా సంచీలు, చెప్పులు, ఫోన్లు. ఎవరూ కాపలా లేరు. ఎవరికీ దిగులూ లేదు. పొద్దున్నుంచీ ఎవరి సంచీ మీదా ఎవరూ చెయ్యి వెయ్యలేదు. మరి తను ఇంతసేపూ దేనికి కాపలా కాస్తున్నట్టు? వాగు గట్టున ఆ చిరుగుల లాగుల్ని మాత్రం ఎవరెత్తుకుపోయేవాళ్ళు?

ఫోన్ల మూట కుర్చీలో పెట్టింది. చొక్కా విప్పి మడత పెట్టింది. లంగా విప్పి మడత పెట్టింది. చంక కింద ధర చీటీని పట్టి లాగితే తెగలేదు. మెడ వంచి పళ్ళతో కొరికి తెంచింది. చుట్టుపక్కల ఎవరూ ఆమెను చూడటం లేదు, ఇనెజ్ తప్ప. ఇనెజ్ కూడా మర్యాదగా మొహం తిప్పుకుంది.

ఇసుక కాళ్ళు కాల్చింది. తర్వాత తడి ఇసుక. తర్వాత నీళ్ళు. చల్లగా ఉంటాయని పళ్ళు బిగబట్టుకుని దిగితే, అంట్లు కడిగే తొట్టిలో నీళ్ళలా గోరువెచ్చగా ఉన్నాయి. మోకాళ్ళ దాకా వెళ్ళి ఆగింది. నడుము దాకా వెళ్ళి ఆగింది. తన పాదాలు తనకు కనిపిస్తున్నాయి, వాచిన వేళ్ళతో సహా. ఊపిరి బిగబట్టి మోకాళ్ళు వంచింది. నీళ్ళు మెడ దాకా వచ్చాయి. ఒంటి బరువంతా ఎవరో ఎత్తి పక్కకు తీసి పెట్టినట్టయింది. ఆమెకు ఎంత సంతోషం వేసిందంటే, నోరు తెరిస్తే ఉప్పునీళ్ళు పోతాయని తెలిసి కూడా నోరు మూయలేకపోయింది.

"ఒరేయ్, పెద్దమ్మ నీళ్ళలో ఉందిరోయ్!" అని మార్విన్ అరిచాడు. పెటిగ్రూలు ఎక్కడివాళ్ళక్కడ కేకలూ ఈలలూ మొదలుపెట్టారు. క్లియోఫస్ నీళ్ళు తోసుకుంటూ కంగారుగా వచ్చాడు.

"అక్కా, సామాను దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేరా?"

"లేరురా. కావాలంటే పోయి కూచో."

క్లియోఫస్ ఒడ్డు వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. ఆమె మొహం నిండా నీళ్ళు, నవ్వు. వాడు పోలేదు. "వెల్లకిలా పడుకోవే, నేను పట్టుకుంటా," అని ఆమె వీపు కింద అరచెయ్యి పెట్టాడు. ఆమె పడుకుంది. చెవులు నీళ్ళలో మునిగాయి. లొరేటా ఈల కూడా వినిపించలేదు. కాసేపటికి తమ్ముడు చెయ్యి తీసేశాడు. ఆ సంగతి ఆమెకు తెలియలేదు, తెలిసేసరికి తేలుతూనే ఉంది.

బయటికొచ్చాక తుడుచుకునే ఓపిక లేక, తడి ఒంటితోనే కుర్చీలో వాలి, గడ్డి టోపీ మొహం మీదికి లాక్కుంది. ఎడమ చెయ్యి భుజం దాకా లాగుతోంది. ఎన్నడూ చెయ్యని పని చేస్తే నొప్పులు రావా అనుకుంది. ఇంకోసారి దిగాలి అనుకుంది. ఆ తర్వాత ఆమె ఏమీ అనుకోలేదు.

పడవలు బయల్దేరే వేళైందని మైకులో చెప్పారు. లొరేటా ఈల ఊదింది. పెటిగ్రూలు వచ్చి ముడులు విప్పి ఎవరి సంచీ వాళ్ళు, ఎవరి చెప్పులు వాళ్ళు తీసుకున్నారు. అన్నీ ఉన్నాయి. "అత్త మంచి నిద్రలో ఉంది, పాపం అలిసిపోయింది," అంది రోషెల్, పిల్లల్ని పోగుచేసుకుంటూ. "అక్కను లేపవే," అని క్లియోఫస్ లొరేటాతో అని తన పడవెక్కాడు. లొరేటా వెళ్తూ వెళ్తూ ఆ పని మార్విన్‌కి చెప్పింది. క్లియోఫస్ మామయ్య ఉన్నాడు కదా అని మార్విన్ ముందు పడవలో దూకేశాడు.

ఇనెజ్ కుర్చీలు మడుస్తూ ఆ వరసకు వచ్చేసరికి ఒడ్డు ఖాళీ అయింది.

"అమ్మా, ఆఖరి పడవ పోతోందమ్మా."

భుజం తట్టింది. టోపీ ఎత్తి చూసి, మళ్ళీ నెమ్మదిగా మొహం మీద పెట్టేసింది. పరిగెత్తలేదు. రేవు దగ్గరున్న వాళ్ళను చెయ్యెత్తి పిలిచి, వాళ్ళు వచ్చేదాకా పక్క కుర్చీలో కూర్చుంది.

ఓడ నుంచి డాక్టరుతో పాటు క్లియోఫస్ కూడా వచ్చాడు. పడవ ఆగకముందే నీళ్ళలోకి దూకాడు. అక్క చెయ్యి పట్టుకుని ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడి చాలాసేపు ఏడ్చాడు.

"ఎవరున్నారు దగ్గర?" అన్నాడు ఇనెజ్‌తో, చివరికి.

"నేనిటే తిరుగుతున్నా నాన్నా. బాగా నవ్వుకుంటూ వచ్చింది నీళ్ళలోంచి."

ఆమెను స్ట్రెచర్ మీద పడవలోకి ఎక్కించారు. మడత పెట్టిన చొక్కా, లంగా, చెప్పులు ఇనెజ్ తెచ్చి ఇచ్చింది. క్లియోఫస్ వాటిని గుండెకు ఆనించుకుని పడవలో కూర్చున్నాడు. పడవ పోయింది. కొంతసేపటికి ఓడ కూడా కదిలింది.

ఇనెజ్ మిగతా కుర్చీలన్నీ మడిచి పాకలో పేర్చింది. ఆ ఒక్క కుర్చీ గుడ్డ మీద మాత్రం వెడల్పాటి భుజాలూ నడుమూ తెలిసేలా తడి ఇంకా ఉంది. తడి గుడ్డ మడిస్తే బూజు పడుతుంది కనుక, దాన్ని ఎండవైపు తిప్పి, ఆరేదాకా అక్కడే ఉంచింది.