ఉత్తరంలో మూడో మనిషి

కురవిలో పోస్ట్‌మన్ ఎవరి ఉత్తరమైనా ముందు సారమ్మ చేతికిచ్చేవాడు. ఆమెకు చదువు రాదు. కార్డును చెవికి ఆనించుకుంటే రాసినచోటి చప్పుళ్లు వినిపించేవి. "మీవోడు భీవండిలనే ఉన్నడు, మగ్గాలు మోగుతున్నయి. జర దగ్గుతున్నడు" అని చెప్పేది. ఆ తర్వాత కొడుకు యోహాను చదివిపెట్టేవాడు. దగ్గు సంగతి ఉత్తరంలో ఉండేది కాదు.

యోహాను ఊళ్లో ప్రార్థన మందిరం చూసుకుంటూ, పోస్టు ద్వారా క్రైస్తవ వేదాంత పరీక్షకు చదువుతున్నాడు. బైబిల్లో పౌలు చెరసాలలోంచి ఫిలేమోను అనే యజమానికి రాసిన చిన్న ఉత్తరం మీద వ్యాసం రాయాలి. ఆ యజమానిని వదిలి పారిపోయిన బానిస ఒనేసిమును పౌలు అదే ఉత్తరంతో వెనక్కి పంపాడు. పంపడం న్యాయమేనా? దాని మీద పండితులు తలలు బద్దలు కొట్టుకున్నారు. మన యోహాను మాత్రం నలభై పేజీల్లో న్యాయమేనని తేల్చేశాడు.

డెబ్బై నాలుగు ఎండాకాలం అది. ఆ వారమే దంతాలపల్లి దొర దగ్గర ఇరవై ఏళ్లుగా జీతగాడిగా ఉన్న పోచయ్య పారిపోయి యోహాను ఇంటికొచ్చాడు. వీపు మీద దెబ్బలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. మందిరం కట్టిన జాగా దొర ఇచ్చిందే. యోహాను రెండు రోజులు ఆలోచించి, పోచయ్యను కొట్టకుండా తమ్ముడిలా చూసుకోమని దొరకు వినయంగా ఉత్తరం రాశాడు.

"పోచయ్యా, పొద్దుగూకకముందే చేరుకో" అని చేతిలో పెట్టాడు. పోచయ్య దాన్ని తలపాగాలో దోపుకున్నాడు.

వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తున్న సారమ్మ లేచింది. "గా పౌలు ఉత్తరం గిట్ల తే బిడ్డా."

"అచ్చేసిన పుస్తకమే అవ్వా అది. రాసి పంతొమ్మిది వందల ఏండ్లాయె!"

"తేరాదు, జర ఇంట."

పేజీని చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది. "అచ్చు మిషిన్ కొడ్తాంది... దాని అవుతల కలాలు గీస్తున్నయి. వందల కలాలు బిడ్డా, ఒకల్ది చూసి ఒకలు రాస్తున్నరు."

యోహాను కష్టపడి బట్టీపట్టిన పాత చేతిరాత ప్రతుల చరిత్రంతా తల్లి చెవిలో వెనక్కి నడిచిపోతోంది.

"గొలుసు మోగుతాంది. రాయించెటాయన చేతికుంది."

యోహాను మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు.

"ఇంకొకడున్నడు, తలుపు కాడ. ఏం మాట్లాడ్తలేడు. భయపడుకుంట, బుగులుతోటి ఊపిరి పీలుస్తున్నడు. ఉత్తరం అయిపోయేదంక గదే ఊపిరి. వాన్ని ఎవలూ ఏం అడుగుతలేరు."

యోహాను చదివిన పుస్తకాలన్నీ పౌలు ఉద్దేశమేమిటని, ఫిలేమోను ఏం చేసి ఉంటాడని అడిగాయి. ఒనేసిముకు ఏం కావాలని అడిగింది ఒక్కటీ లేదు. నలభై పేజీల్లో తనూ అడగలేదు.

తలెత్తి చూస్తే పోచయ్య గడప దాటుతున్నాడు. ఇప్పుడు నోరు తెరిస్తే మందిరం జాగా పోతుందని యోహానుకు తెలుసు.

"ఆగు అన్నా. పోవుడు నీకు ఇష్టమేనా?"

పోచయ్య ఎవరినో అడుగుతున్నారనుకుని పక్కకు చూశాడు. ఎవరూ లేరు.

"నన్నా అయ్యగారూ?"

"నిన్నే అన్నా."

పోచయ్య గొంతు సవరించుకున్నాడు. "నేను పోను" అన్నాడు మెల్లగా. తన మాట తనకే కొత్తగా వినిపించినట్టుంది, ఇంకోసారి అన్నాడు, ఈసారి వీధి చివరిదాకా వినబడేలా.