శ్రుతి తప్పిన గోడ

ఇళ్లకు హీట్ పంపులు బిగించే ఆవిడకు తోటి పనివాళ్లు స్వెటరమ్మ అని పేరు పెట్టారు. ఊళ్లో సగం ఇళ్లను వెచ్చగా ఉంచే మనిషే గానీ, తనకు మాత్రం ఎప్పుడూ చలే. ఒకదాని మీద ఒకటి రెండు స్వెటర్లు వేసుకుని, పైదాని జేబులో స్క్రూడ్రైవరు, లోపలిదాని జేబులో బిస్కట్లు పెట్టుకుని తిరుగుతుంది. ఆమె పనికి వంక పెట్టినవాళ్లు లేరని కాదు. పైపు వంకరగా ఉందని, గోడకు గీత పడిందని సణిగినవాళ్లున్నారు. "నీ మిషను నువ్వు తీసుకుపో" అన్నవాళ్లు మాత్రం ఇంతవరకు లేరు. అందుకే ఆ పొద్దున్న రిటైరైన బస్సు డ్రైవరు ఫోన్ చేసి సరిగ్గా ఆ మాటే అనేసరికి ఆమె నోట్లో బిస్కట్టు నోట్లోనే ఉండిపోయింది.

"ఏమైంది బాబాయి గారూ? వేడి రావట్లేదా?"

"వేడికేం తల్లీ, బ్రహ్మాండంగా వస్తోంది."

"మరి?"

"అదంతా అడక్కు. వచ్చి విప్పుకుపో. మళ్లీ బొగ్గుల పొయ్యి పెట్టుకుంటాం."

ఆ బొగ్గుల పొయ్యిని తీసేయడానికే కదా ఆయన ఆమెను పిలిచింది! డ్రైవరుగారి భార్యకు ఆ పొగకు దగ్గు పట్టుకుంది. డాక్టరు పొయ్యి మానెయ్యమన్నాడు. పొయ్యి మానేస్తే చలికి కీళ్లు బిగుసుకుపోతాయి. ముందుకు పోలేక వెనక్కి రాలేక ఉన్న సమయంలో ఎవరో స్వెటరమ్మ పేరు చెప్పారు. మొదటిరోజు డ్రైవరుగారు ఆమెను ఎగాదిగా చూశాడు.

"బయట నీళ్లు గడ్డకట్టే చలి. ఆ చలిలోంచి వేడి లాక్కొస్తానంటావు. నా చెవిలో పువ్వు కనబడుతోందా?"

ఆమె ఆయన్ని వంటింట్లోకి తీసుకెళ్లి ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టించింది. ఆయన చెయ్యి వెచ్చబడింది.

"లోపలున్న కూరగాయల్లోంచి వేడి లాగి వెనక పారేస్తోంది చూశారా? నా మిషనూ అంతే. బయటి గాలి మనకి చల్లగా తగిలినా అందులోనూ ఎంతో కొంత వేడి ఉంటుంది. దాన్ని ఏరుకొచ్చి ఇంట్లో దింపుతుంది. ఎండాకాలం తిరగేసి నడిపిస్తే ఇంట్లో వేడిని బయట దింపుతుంది. వేడిని పుట్టించడం కాదు, మోసుకురావడం. అందుకే కరెంటు తక్కువ తింటుంది."

డ్రైవరుగారు ఫ్రిజ్ వెనకనుంచి చెయ్యి తీశాడు. "అంటే నా ఉద్యోగమే అన్నమాట. అక్కడున్నవాళ్లని ఎక్కించుకుని ఇక్కడ దింపడం."

"అదే బాబాయి గారూ. కాకపోతే మీరు తలుపులు తెరిచి బస్సు నడపరు కదా. ముందు మీ ఇంటి సందులు మూయాలి."

అలా ఆమె మొదట కిటికీల చుట్టూ పట్టీలు వేసింది, అటక మీద వేడి పోకుండా దూదిని పరుపులా మందంగా పరిచింది, ఆ తరవాతే మిషను బిగించింది. పని అయ్యాక డ్రైవరుగారు ఊరంతా తిరిగి ఆమె గురించి గొప్పగా చెప్పాడు కూడా. అలాంటి మనిషి ఇవాళ విప్పుకుపొమ్మంటున్నాడు!

ఆమె వెళ్లేసరికి ఇల్లు చల్లగా ఉంది. మిషను ఆపేసి ఉంది. ఆయన భార్య, పిన్నిగారు, వెనకగదిలో కుట్టుమిషను ముందు శాలువా ముసుగేసుకుని కూర్చుని ఉంది. భర్త టీ పెట్టడానికి లోపలికి వెళ్లడం చూసి, స్వెటరమ్మ చెయ్యి పట్టుకుని గుసగుసగా అంది:

"తీసుకుపోకమ్మా. ఏటా చలికాలం నేను వంటింట్లో పొయ్యి పక్కనే బతికేదాన్ని. మిగతా గదులు తాళం వేసినట్టే. ఈ ఏడే ఇంటినంతా వాడుకుంటున్నాను. ఈ కుట్టుమిషను బయటికి తీసింది ఎన్నాళ్లకో!"

"మరి బాబాయి గారికి ఏమొచ్చింది?"

"పక్కింటి పాటల టీచరు వచ్చింది."

టీ కప్పులతో వచ్చిన డ్రైవరుగారు ఆ మాట విని తల దించుకున్నాడు. అసలు సంగతి అప్పుడు బయటపడింది. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. అవతల సంగీతం నేర్పే టీచరమ్మ. మిషను వచ్చిన దగ్గర్నుంచి గోడలో ఏదో మోగుతోందని, పిల్లలూ పెద్దలూ అందరూ శ్రుతి తప్పుతున్నారని ఆవిడ ఫిర్యాదు. బస్సు నడిపినన్నాళ్లూ అవసరమైతే తప్ప హారన్ కొట్టని మనిషి డ్రైవరుగారు. ఎవరితోనూ మాట పడింది లేదు. ఆవిడ గుమ్మంలో నిలబడి ఒక్క మాట అనేసరికి ఆయనకు తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచీ పక్కింటికి శిష్యులు రాగానే మిషను ఆపడం, వాళ్లు వెళ్లగానే వేయడం.

"అది ఆపుతూ వేస్తూ ఉండే పొయ్యి కాదు బాబాయి గారూ! మెల్లగా, ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. ఇలా చేస్తే కరెంటూ దండగ, పిన్నిగారికి చలీ తప్పదు."

"అందుకే తీసుకుపొమ్మంటున్నా. ఇటు ఈవిడ వణుకు చూడలేను, అటు ఆవిడ మొహం చూడలేను."

"ముందు మిషను వేసి ఉంచండి. నేను ఆవిడ మొహం చూసొస్తాను" అంటూ స్వెటరమ్మ లేచింది.

టీచరమ్మ పొడుగ్గా, నిటారుగా, మెడకు మఫ్లరు చుట్టుకుని తలుపు తీసింది. ఆ ఇల్లు ఐసుగడ్డలా ఉంది. పొయ్యి వేస్తే గొంతు ఎండిపోతుందని ఆవిడ చలికాలమంతా కోటు వేసుకునే పాఠాలు చెబుతుందట. స్వెటరమ్మకు పళ్లు టకటకలాడాయి.

"కూర్చోండి. మాట్లాడకండి. వినండి" అంది టీచరమ్మ.

స్వెటరమ్మ విన్నది. తన పళ్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఫోన్లో శబ్దం కొలిచే మీటరు తెరిచి చూపించింది. "చూడండి మేడం, ఎంత తక్కువో! రూల్సు ప్రకారం దీనికి ఎవరూ తప్పు పట్టలేరు."

"చప్పుడు ఎక్కువని నేనెప్పుడన్నాను? నా ఇంటి ముందు లారీలు పోతాయి, పట్టించుకుంటానా? ఇది చప్పుడు కాదు, స్వరం. అదీ అపస్వరం. సరైన శ్రుతిలో మోగి ఉంటే తంబురా అనుకుని సర్దుకుపోయేదాన్ని."

అంతలో శిష్యుడు వచ్చాడు. పళ్ల డాక్టరు. మధ్యాహ్నం ఆసుపత్రి మూసి పాట నేర్చుకోవడానికి వస్తాడు. నిండైన మనిషి, నిండైన గొంతు. టీచరమ్మ శ్రుతి ఇచ్చింది. ఆయన కళ్లు మూసుకుని అందుకున్నాడు. మొదట బాగానే ఉంది. పోనుపోను ఆయన గొంతు ఏటవాలు మీద జారే బిందెలా మెల్లగా కిందికి జారింది. జారి ఒకచోట ఆగింది. ఎంత గుంజినా పైకి రాదు.

"ఆపండి" అంది టీచరమ్మ.

ఆయన ఆపాడు. స్వరం ఆగలేదు! సన్నగా, దూరం నుంచి దోమ పాడినట్టు, అదే స్వరం గోడలోంచి వస్తూనే ఉంది.

"వినబడిందా?"

"వినబడింది మేడం" అని ఒప్పుకుంది. ఒక్కసారి వినబడ్డాక ఇక వినబడకుండా పోలేదు. ఆ ఇంట్లో ఉంటే తనకే పిచ్చెక్కేలా ఉందనిపించింది.

"అయితే నా తప్పు కాదన్నమాట" అన్నాడు డాక్టరు ఆశగా.

"సగం మీదే" అంది టీచరమ్మ.

ముగ్గురూ రెండిళ్లకూ ఉమ్మడిగా ఉన్న పెరట్లోకి నడిచారు. డ్రైవరుగారి బయటి మిషను రబ్బరు దిమ్మల మీద బుద్ధిగా తిరుగుతోంది. టీచరమ్మ వంగి, చెవి దగ్గర పెట్టి, తల అడ్డంగా ఊపింది.

"ఇది కాదు. ఇది మంద్రంలో ఉంది, మర్యాదగా ఉంది. నన్ను చంపుతున్నది పైస్థాయిలో ఉంది."

స్వెటరమ్మకు ప్రాణం లేచొచ్చింది. మిషను కాకపోతే మరింకేదో ఉంది. ఏదో ఉంటే దొరుకుతుంది. "మేడం, ఆ చెవి నాకు కాసేపు అరువివ్వండి. బాబాయి గారింట్లోకి వచ్చి అది ఎక్కడుందో చూపించండి. బిగించాల్సింది నేను బిగిస్తాను."

ఆవిడ తటపటాయించింది. గోడ ఒక్కటే అయినా గుమ్మాలు వేరు. ఇన్నేళ్లలో ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్లింది ఎప్పుడో గుర్తే లేదు. పిన్నిగారు ఎదురొచ్చి, "రండి వదినగారూ" అని చెయ్యి పట్టుకునేసరికి కాదనలేకపోయింది. డ్రైవరుగారు మాత్రం తలుపు వెనకే ఉండిపోయాడు.

మిషను నడుస్తోంది కాబట్టి ఇల్లు అప్పటికే నులివెచ్చబడింది. టీచరమ్మ గోడకు చెవి ఆనించుకుంటూ బయల్దేరింది. ముందుగది దాటేసరికి మఫ్లరు విప్పింది. నడవలో కోటు విప్పి చూడకుండానే పక్కకు చాపింది. దాన్ని అందుకున్నది డ్రైవరుగారే. వంటింటి దగ్గర "తగ్గింది" అంది. వెనకగదిలో అడుగుపెట్టగానే "పెరిగింది" అంది. కుట్టుమిషను పక్కన మోకాళ్ల మీద కూర్చుని గోడ మీద అరచెయ్యి వేసి, "ఇక్కడ. ఇక్కడే పాడుతోంది దొంగ" అంది.

స్వెటరమ్మ అక్కడి మూత విప్పి టార్చి వేసింది. బయటి మిషను నుంచి వచ్చే రాగి పైపులు ఆ గోడ వెంటే పోతాయి. వాటి వెనక, ఇటుకల మధ్య, తుప్పు పట్టిన ఇనప కడ్డీ కొన కనిపించింది. ఏ కాలంలోనో పొగగొట్టాన్ని నిలబెట్టడానికి గోడ కట్టినప్పుడే పెట్టిన కడ్డీ. గోడ దాటి అవతలి ఇంట్లోకి పోయింది. చలికి పైపు కాస్త సర్దుకుని, ఒరిగి, కడ్డీని తాకీ తాకనట్టు తాకుతోంది. ఆ కాస్త వణుకునూ కడ్డీ మోసుకెళ్లి పక్కింట్లో పాడుతోంది.

"డాక్టరుగారూ! మీరు మేడం గారింట్లోకి వెళ్లి గోడకు చెవి పెట్టండి" అని కేకేసి, స్వెటరమ్మ పైపును వేలితో ఇవతలికి లాగింది.

"ఆగింది!" గోడ అవతలి నుంచి డాక్టరు కేక.

వదిలింది.

"వచ్చింది!"

మళ్లీ లాగింది. "ఆగింది!" మళ్లీ వదిలింది. "వచ్చింది!" పిన్నిగారికి నవ్వు ఆగలేదు. డాక్టరు ఈసారి సరిగ్గా శ్రుతిలో అరిచాడని టీచరమ్మ కూడా ఒప్పుకుంది.

సందు మరీ ఇరుకు. బండిలో ఉన్న స్పాంజి అందులో దూరలేదు, దూరినా నలిగిపోయేలా ఉంది. పలచగా, గట్టిగా ఉండే రబ్బరు కావాలి. స్వెటరమ్మ దిక్కులు చూస్తుంటే పిన్నిగారు మంచం కిందినుంచి వేడినీళ్ల రబ్బరు సంచీ తీసింది.

"దీంతో పనవుతుందా?"

"ఇది మీ కీళ్లకి కాపడం పెట్టుకునేది కదా పిన్నిగారూ! కోసేస్తే పోతుంది."

"కొయ్యి. నీ మిషను ఉంటే నాకు దీంతో పనేముంది? మిషను పోతేనే కదా ఇది కావాల్సింది." ఆ మాట అంటూ ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన కోటు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కోసెయ్ తల్లీ" అన్నాడాయన.

స్వెటరమ్మ రబ్బరును పట్టీలుగా కోసి, పైపు చుట్టూ చుట్టి, కడ్డీకి దూరంగా కొత్త క్లిప్పుతో గోడకు బిగించింది. టీచరమ్మ లేచి తన ఇంటికి వెళ్లిపోయింది. ఇక్కడ అందరూ గోడకు చెవులు ఆనించారు. ఆ తరవాత గోడ అవతలి నుంచి పాట మొదలైంది. పాఠం చెప్పే పాట కాదది. తనకోసం తను పాడుకునే పాట. పైకి వెళ్లి, పైనే నిలబడి, తీరిగ్గా దిగింది. డ్రైవరుగారు కోటు మడత పెడుతూ పెడుతూ ఆగిపోయాడు.

"ఇన్నేళ్లుగా ఇంత బాగా పాడుతోందా ఈవిడ!" అన్నాడు.

"మీరు చలికి చెవులకు గుడ్డ కట్టుకుని కూర్చుంటే ఏం వినబడుతుంది?" అంది పిన్నిగారు.

పాట అయ్యాక టీచరమ్మ కోటు కోసం తిరిగొచ్చింది. కోటు తీసుకుంది గానీ వేసుకోలేదు. కుర్చీ చూపించగానే కూర్చుంది. టీ ఇవ్వగానే తాగింది. గొంతు తడుముకుని, ఇక్కడ గాలి వెచ్చగా ఉన్నా పొయ్యి గాలిలా గీరడం లేదే అని ఆశ్చర్యపోయింది. డ్రైవరుగారి వైపు తిరిగి, "ఆ రోజు గుమ్మంలో కాస్త గట్టిగా మాట్లాడాను. మనసులో పెట్టుకోకండి" అంది. ఆయన కంగారుగా, "అబ్బే, అదేం లేదు. మీరు చెప్పారు కాబట్టే దొరికింది" అన్నాడు. అసలు దొరికిందేమిటో, తను ఇంతకాలం దేనికి భయపడ్డాడో తలుచుకుని నవ్వుకున్నాడు కూడా.

స్వెటరమ్మ పనిముట్లు సర్దుకుంటుంటే టీచరమ్మ వెనకాలే వచ్చింది.

"ఇలాంటిది మా ఇంట్లో కూడా పెడతారా?"

"ఎందుకు పెట్టను మేడం! ముందు కిటికీల సందులు మూద్దాం. మిషను సంగతంటారా, ఇదే రకం తెచ్చేస్తాను."

"ఇదే రకం వద్దు. ఏది ఏ శ్రుతిలో ఉందో విన్నాకే తీసుకుంటాను."

అన్నంత పనీ చేసింది. ఆ వారంలోనే మిషన్లు ఉంచే గోడౌన్‌కి వచ్చింది, డాక్టరును వెంటేసుకుని. స్వెటరమ్మ వరసగా ఉన్న మిషన్లను ఒక్కొక్కటే వేసింది. గోడౌన్ పనివాళ్లు చేతిలో పని వదిలేసి నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నారు. టీచరమ్మ ప్రతిదాని ముందూ కళ్లు మూసుకుని నిలబడింది. ఒకదానికి తల విదిలించింది. ఒకదాని దగ్గర "జలుబు చేసినట్టుంది" అంది. చివరికి మూలనున్న పాత మోడల్ ముందు ఆగి చాలాసేపు విన్నది. డాక్టరు కూడా పక్కనే నిలబడి, అర్థమైనట్టు తల ఊపాడు.

"ఇదివ్వండి" అంది టీచరమ్మ. "కాస్త గర్వం ఉంది గానీ, గొంతు మంచిది."