రేకుల మీద పట్టా

ఆ రాగి గొట్టాలను కూతురు సాజిదా డాబా మీద బిగించినప్పటి నుంచి కరీమున్‌కి కంటి మీద కునుకు లేదు. ఒక చివర వేడెక్కే పెట్టె, ఇంకో చివర గాలికి విప్పారిన అల్యూమినియం రేకులు. లోపల గోళ్లరంగు తుడిచే మందులాంటిదేదో పోసి మూతి అతికించేసింది. పెట్టె వేడికి అది ఆవిరై, రేకుల దగ్గర చల్లబడి మళ్లీ నీరవుతుందట. దీపం వత్తి నూనెను లాగినట్టు, పెట్టెలోని వత్తి దాన్ని వెనక్కి లాగుతుందట. మోటారు లేదు, ఫ్యాను లేదు. సెల్ టవర్ల కింద పెట్టెలు చల్లబరచడానికట.

"పేలితేనో?" అంది కరీమున్.

"నీ కుక్కర్ కన్నా నయంలే అమ్మా. ఇది విజిల్ కూడా వెయ్యదు."

"విజిలెయ్యనిదే పేలేది!"

రేపు మధ్యాహ్నానికి రెండు రోజులు నిండేదాకా ఆగకుండా నడిస్తేనే మంగళగిరి కంపెనీలో ఉద్యోగానికి సాజిదా పేరు చెబుతానన్నారు, కాలేజీలో పాఠం చెప్పే శ్రీకృష్ణ సారు.

సాజిదా అన్నానికి కిందికి దిగిందో లేదో మబ్బు కమ్మింది. డాబా నిండా ఏడాది కారానికి ఆరబోసిన మిరపకాయలు. తడిస్తే బూజే. కరీమున్ పడుతూ లేస్తూ ఎక్కి, కాయల మీద పట్టాలు లాగి ఇటుకలు పెట్టింది. కరెంటు కొడుతుందేమోనని అదే చేత్తో రేకుల మీదా ఒకటి కప్పేసింది. ఒక్క చినుకు రాలలేదు.

పైకొచ్చి పెట్టె వేడి చూపే మీటరు చూసిన సాజిదా పరుగున పట్టా లాగి, స్విచ్ ఆపేసింది.

"చంపావు కదమ్మా! వేడి పోయే దారే మూసేశావు. వత్తి ఎండిపోయింది."

తర్వాత సారుకి ఫోన్ చేసింది. "ఆగిపోయింది సార్. మబ్బు పట్టి..."

కరీమున్ ఫోన్ లాక్కుంది. "మబ్బు కాదండీ, నేనే కప్పాను. దాని పేరు తీసెయ్యకండి బాబూ."

"ఎండిన వత్తి మళ్లీ అందుకుంటుందా అనేదే అసలు పరీక్షమ్మా," అన్నారాయన. "చల్లారాక మొదట్నించీ నడపమనండి."

పెట్టె చల్లారింది. సాజిదా స్విచ్ వేసింది. మీటరులో అంకె ఎక్కుతోంది, ఇంకా ఎక్కుతోంది. కరీమున్ కిందికి పారిపోదామనుకుని, మెట్ల దగ్గరే ఆగి చూసింది. అంకె తటపటాయించి, దిగింది.

"అందుకుందమ్మా," అంటూ సాజిదా పిట్టగోడకి చేరగిలబడింది.

"అయితే ఇక ఆపెయ్యవే తల్లీ."

"మళ్లీ మొదట్నించీ లెక్కమ్మా. ఎల్లుండి దాకా ఆపకూడదు."

కరీమున్ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నా చాప కూడా పైకి తే. కింద పడుకుంటే నాకింకా భయం."