మదార్‌సాబ్ అడిగిన మాఫీ

అది 2012 మార్చి నెల. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్టాండు ఎదురు సందులో ఉన్న ‘మగ్గం నెట్ సెంటర్’లో ఎప్పటిలాగే కాలు పెట్టే చోటు లేదు. ఎంసెట్ ఫారాలు నింపుకునే పిల్లలు ఒకవైపు, ఆదాయం సర్టిఫికెట్ల కోసం వచ్చిన పెద్దలు ఇంకోవైపు. ఆ గుంపులో ఎవరికీ అడ్డం రాకుండా, గోడవారగా ఒక ముసలి జంట కూర్చుని ఉంది. ఆయన పేరు మదార్‌సాబ్. ఆమె ఇమాంబీ. హజ్ యాత్రకు దరఖాస్తు పెట్టుకోవడానికి వచ్చారు. ఇది మూడోసారి.

దరఖాస్తు పెట్టినంత మాత్రాన మక్కా ప్రయాణం కుదరదు. జిల్లాకు ఇన్ని సీట్లని ఉంటాయి. అడిగేవాళ్ళు ఎక్కువైతే చీటీలు తీస్తారు. హైదరాబాదులోనూ, దాన్ని చుట్టుకుని ఉన్న రంగారెడ్డి జిల్లాలోనూ అడిగేవాళ్ళు ఎప్పుడూ ఎక్కువే. ఎల్బీనగర్ పక్కన మన్సూరాబాద్‌లో ఉండే మదార్‌సాబ్ రంగారెడ్డి జిల్లా కిందికి వస్తాడు. రెండేళ్ళు వరసగా చీటీలో ఆయన పేరు రాలేదు.

“ఈసారన్న ఒస్తదా బిడ్డా?” అంది ఇమాంబీ, మోకాళ్ళు రెండు చేతులతో ఒత్తుకుంటూ. “కాబా చుట్టు ఏడు సార్లు తిరగాలె. నా కాళ్ళ మీద నేనే తిరగాలని ఉన్నది. వచ్చే ఏడుకు ఇవి నడుస్తయో లేదో.”

కంప్యూటర్ ముందున్న క్రాంతికుమార్ ఆ మోకాళ్ళ వంక చూశాడు. జరిగిన తప్పంతా ఆ చూపులోనే పుట్టింది.

క్రాంతికుమార్ ఎలాంటివాడో ముందు చెప్పాలి. పోచంపల్లి నేతగాళ్ళ ఇంట్లో పుట్టి డిగ్రీ చదివాడు. ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం చేతిదాకా వచ్చి జారిపోయింది. ఎందుకు పోయిందని ఆరా తీస్తే, ఎక్కడివాడో ఒకడు ఇక్కడే పుట్టి పెరిగానని దొంగ లోకల్ సర్టిఫికెట్ పెట్టి ఆ కుర్చీలో కూర్చున్నాడని తేలింది. ఆనాటి నుంచి క్రాంతి తెలంగాణ ఉద్యమంలో ఉన్నాడు. బండి నంబరు ప్లేటు మీద ఏపీ అక్షరాలు చెరిపి టీజీ అని రాయించాడు. పోలీసులు ఆపితే వాళ్ళకే అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. కిందటేడు సకల జనుల సమ్మెలో ఎల్బీనగర్ చౌరస్తాలో టెంటు వేసి రిలే నిరాహార దీక్షలు చేసినప్పుడు, దీక్ష విరమించేవాళ్ళ చేతికి రోజూ బత్తాయి రసం గ్లాసు అందించింది ఈ మదార్‌సాబే. గడ్డిఅన్నారం మార్కెట్‌లో పండ్లు కొనుక్కుని ఆ చౌరస్తాలో బండి మీద అమ్ముకునే మనిషి. “ఆకలితోని కూసున్న పోరలకు ఇస్తే బర్కత్ ఒస్తది, ఉన్నది పెరుగుతది” అనేవాడు. ఆ గ్లాసు చల్లదనం క్రాంతి గొంతులో ఇంకా ఉంది.

సెంటర్‌లో క్రాంతికి భాగస్తుడు నాగార్జున. సముద్రం ఒడ్డు జిల్లావాడు. ఆ జిల్లా పేరు చెప్పి అక్కడివాళ్ళను ఇబ్బంది పెట్టను. పదేళ్ళ కిందట కోచింగ్ కోసం వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లోనే నిలిచిపోయాడు. ఉద్యమం రోజుల్లో మీ ఇద్దరికీ ఎలా పొసగుతోందని ఎవరైనా అడిగితే, “బందు రోజున ఇద్దరం కలిసే షట్టర్ దించుతామండీ” అని నవ్వేవాడు.

ముసలివాళ్ళు చాయ్ తాగడానికి బయటికి వెళ్ళగానే క్రాంతి గొంతు తగ్గించాడు.

“నాగా, మీ జిల్లాల హజ్‌కు అడిగేటోళ్ళు తక్కువంట గద? దగ్గర దగ్గర అందరికీ ఒస్తదంట?”

“అంటారు. అయితే?”

“ఊర్ల మీ ఇల్లు ఖాళీగనే ఉన్నది. చాచా, చాచీ గా ఇంట్ల కిరాయికుంటున్నరని ఒక కాగితం రాసియ్యి. ఫారంల జిల్లా కోడ్ కాడ మీ జిల్లాది ఏస్త. రెండంకెలు, గంతే.”

నాగార్జున కుర్చీ ఇటు తిప్పాడు. “ఏరా, దొంగ లోకల్ సర్టిఫికెట్లని మైకు పగిలేలా అరిచింది నువ్వేనా?”

“అది నౌకరి. ఇది దేవుని పని. ఎవరి నోటికాడి బుక్క గుంజుతున్నం?”

గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. ఊరందరి అన్యాయాన్నీ వేలెత్తి చూపిన కుర్రవాడికి తన వేలు ఏ అంకెల మీద ఉందో కనపడలేదు. నాగార్జునకు మాత్రం తప్పని తెలుసు. కానీ ఆ ముసలమ్మ మోకాళ్ళు అతని కళ్ళ ముందూ ఉన్నాయి. సణుక్కుంటూనే కాగితం రాసిచ్చాడు. మదార్‌సాబ్ తిరిగివచ్చి, క్రాంతి చూపించిన చోటల్లా ఉర్దూలో సంతకం పెట్టాడు. ఏం రాశావని అడగలేదు. నమ్మినవాళ్ళు అడగరు కదా!

మే నెలలో చీటీలు తీశారు. జాబితాలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. క్రాంతి బండి మీద మన్సూరాబాద్ పోయి కబురు చెబితే ఇమాంబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మర్నాటి నుంచి పొద్దున్నే ఇంటి చుట్టూ ఏడు చుట్లు తిరగడం మొదలుపెట్టింది. మూడో చుట్టుకు మోకాళ్ళు మొరాయిస్తే గోడ పట్టుకునేది. పక్కింటి అండాలమ్మ అరుగు మీద కూర్చుని, “ఐదైనయి వదినా, ఇంక రెండే, ఆగకు!” అని లెక్క పెట్టేది. నెల తిరిగేసరికి ఇమాంబీ గోడ పట్టుకోకుండానే ఏడు చుట్లూ పూర్తిచేసింది. ఆ వాడంతా అది తమ ఘనతే అయినట్టు చెప్పుకుంది.

హజ్‌కు వెళ్ళేవాళ్ళలో ఒక ఆచారం ఉంది. బయలుదేరే ముందు తెలిసినవాళ్ళందరి దగ్గరికీ పోయి, తెలిసో తెలియకో తప్పు చేసి ఉంటే మన్నించమని అడుగుతారు. ప్రయాణానికి ఇంకా మూడు నెలలున్నా మదార్‌సాబ్ జూన్‌లోనే మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్ళు పండ్లమ్మినవాడికి తూకం దగ్గర మాటామాటా అనుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి! మీర్‌పేట్ దాకా పోయి, ఎప్పుడో ఒక పుచ్చకాయ విషయంలో తగువు పడిన సైదులును వెతికి పట్టుకుని మరీ మాఫీ అడిగివచ్చాడు.

ఒక మధ్యాహ్నం నెట్ సెంటర్‌కు వచ్చాడు. తెల్ల టోపీ పెట్టుకుని, రెండు చేతులూ జోడించి క్రాంతి ముందు నిలబడ్డాడు.

“బేటా, ఎప్పుడన్న నోరు జారి ఏమన్న అని ఉంటె మాఫ్ చెయ్యి. నీ హక్కు ఏదన్న నా మీద ఉంటె ఇప్పుడే చెప్పు.”

తాత వయసు మనిషి తనకు చేతులు జోడించేసరికి క్రాంతి గబుక్కున లేచాడు. ఆ చేతులు దించబోయాడు.

“గట్ల మొక్కకు చాచా. నువ్వేం తప్పు చేస్తవు?”

“తెల్వక చేసినయే ఎక్కువుంటయి బిడ్డా. అల్లాకు చేసిన తప్పు అల్లా మాఫ్ చేస్తడు. మనిషికి చేసింది ఆ మనిషే మాఫ్ చెయ్యాలె. అందుకే గిట్ల ఇల్లిల్లు తిరుగుతున్న.”

మింగలేక, కక్కలేక క్రాంతి కుర్చీలో కూలబడ్డాడు. చివరకు కక్కేశాడు. కోడ్ సంగతి, కిరాయి కాగితం సంగతి, అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ మదార్‌సాబ్ జోడించిన చేతులు అలాగే ఉన్నాయి.

“అంటె నేను ఆ జిల్లా మనిషినని రాసినవా?” అన్నాడు. “ఆడ ఎవరికన్న రాకుంట పోయిందా?”

“తెల్వదు చాచా.”

“నాకు తెలుసండీ.” వెనక నుంచి నాగార్జున అన్నాడు. “లిస్టు చూశాను. అడిగినవాళ్ళలో ఆగిపోయింది కొద్దిమందే. వెయిటింగులో మొదటి రెండు పేర్లు మస్తాన్‌వలి గారు, ఆయన భార్య మీరాబీ గారు. మా ఊరి టైలరండీ. నా బడి నిక్కర్లన్నీ ఆయన కుట్టినవే. నెలరోజులుగా చెప్పాలని చూస్తున్నాను, నోరు రాలేదు.”

మదార్‌సాబ్ మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. ఆయనకు కోపం వచ్చి నాలుగు తిట్టినా బాగుండునని క్రాంతికి అనిపించింది.

“పుచ్చకాయ కోసం మీర్‌పేట్ దాంక పోయిన,” అన్నాడు ఆ పెద్దాయన. “మరి గా టైలర్ మాఫీ ఎవరడగాలె బేటా? ఆయన సీట్ల కూసోని పోయి, కాబా ముందట ఏ మొహంతోని నిలబడాలె? నీ నౌకరి ఒకడు గుంజుకున్నడని నువ్వు టెంట్ల కూసున్నవు. నేను రసం ఇచ్చిన. ఇప్పుడు గా మస్తాన్ యాడ కూసోవాలె? ఆయనకు రసం ఎవరియ్యాలె?”

దొంగ సర్టిఫికెట్ పెట్టి తన కుర్చీలో కూర్చున్నవాడి మొహం క్రాంతి ఎన్నడూ చూడలేదు. ఎన్నో ఏళ్ళుగా మనసులో తిట్టుకుంటున్న ఆ మొహం తన మొహంలాగే ఉండవచ్చునని ఇప్పుడు తోచింది. వాడికీ ఎవరో మంచి మనసున్న పెద్దమనిషే కాగితం రాసిచ్చి ఉంటాడు.

ముగ్గురూ కలిసి మన్సూరాబాద్ వెళ్ళారు. అసలు భయమంతా ఇమాంబీకి చెప్పడమెలా అనే. ఆమె అప్పటికే ప్రయాణానికి తెల్లని బట్టలు కుట్టించుకుని పెట్టెలో పెట్టుకుంది. భర్త చెప్పిందంతా నిలబడే విన్నది. ఒకసారి తన మోకాళ్ళ వంక చూసుకుంది. లోపలికి పోయింది. పెట్టెకు తాళం వేసి, తడి కళ్ళతో తిరిగివచ్చింది.

“కాళ్ళు నావి, సీటు వాళ్ళది. పోయి వాపస్ ఇచ్చి రాండ్రి.” తర్వాత క్రాంతి వైపు తిరిగి, “నువ్వు ప్రేమతోనే చేసినవు బిడ్డా. నాకు తెలుసు. గానీ మళ్ళ గిట్ల చెయ్యకు” అంది.

ఆ ఒక్క మాటకు క్రాంతి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

మర్నాడు తప్పు తనదేననీ, ముసలివాళ్ళకు ఏమీ తెలియదనీ తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి, నాంపల్లిలో హజ్ కమిటీ ఆఫీసుకు వెళ్ళి అధికారి చేతికిచ్చాడు. సెంటర్ మూయించినా సరేననుకునే వెళ్ళాడు. ఆ అధికారి కాగితం రెండుసార్లు చదివాడు. గట్టిగా మందలించి, ఇకముందు ఏ యాత్రికుడి ఫారమైనా అతనికి చదివి వినిపించాకే సంతకం పెట్టించాలని మాట తీసుకుని పంపించాడు. ఆ రెండు సీట్లూ వెయిటింగులో ఉన్నవాళ్ళకు వెళ్ళాయి.

మదార్‌సాబ్ అంతటితో ఊరుకోలేదు. నాగార్జున చేత ఫోను చేయించి, మస్తాన్‌వలిని మాఫీ అడిగాడు. అవతలి గొంతు కంగారు పడిపోయింది. “అయ్యో, మీరు అడగడమేంటన్నగారూ! వచ్చిందాన్ని తిరిగిచ్చే మనిషిని నేనింతవరకూ చూళ్ళేదండీ. అక్కడ మేం చేసుకునే దువాలో ముందు మీ పేర్లే ఉంటాయి.”

సెప్టెంబరులో విమానం ఎక్కడానికి హైదరాబాద్ వచ్చిన ఆ భార్యాభర్తలు నేరుగా మన్సూరాబాద్ వచ్చారు. ఆ రోజుల్లో మీరెవరు, మేమెవరమని ఊరంతా వాదులాడుకుంటున్న మాట నిజమే. ఆ ఇంట్లో మాత్రం నేల మీద పరిచిన ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుని అందరూ తిన్నారు. పులుసులో కారం తక్కువైందని మస్తాన్‌వలి, కారం ఎక్కువ తింటే కడుపు పాడైతదని మదార్‌సాబ్ వాదులాడుకున్నారు, అంతే. భోజనాలయ్యాక టైలర్ జేబులోంచి టేపు తీశాడు. “లేవండన్నగారూ, కొలతలివ్వండి. వచ్చే ఏడు మీ ప్రయాణానికి కుర్తా నేనే కుట్టి పంపుతాను.”

“నా పేరు రానియ్యి ముందు!”

“వస్తుందండీ. నేను అక్కడ అడిగొస్తానుగా.”

మరుసటి ఏడు క్రాంతికుమార్ ఫారంలో ప్రతి గడీ బిగ్గరగా చదివి వినిపించాడు. జిల్లా కోడ్ దగ్గరికి రాగానే ఆగాడు. ఇమాంబీ నవ్వి, “మనదే ఎయ్యి. ఒచ్చినా మనదే, రాకున్నా మనదే” అంది. ఏడాదంతా ఆమె ఆ ఏడు చుట్లు మానలేదు. అండాలమ్మ లెక్క మానలేదు.

పేరు వచ్చిందా అని మీరు అడుగుతారని తెలుసు. వచ్చింది. రంగారెడ్డి జిల్లా జాబితాలోనే వచ్చింది. తెలంగాణ ఇస్తామని ఢిల్లీ నుంచి మాట వచ్చిన రెండు నెలలకు, మస్తాన్‌వలి పంపిన తెల్ల కుర్తా తొడుక్కుని మదార్‌సాబ్ మళ్ళీ నెట్ సెంటర్ మెట్లెక్కాడు. పక్కన ఇమాంబీ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా.

“బేటా, తప్పులేమన్న ఉంటె మాఫ్ చెయ్యి.”

ఈసారి క్రాంతి ఆ కళ్ళలోకి సూటిగా చూడగలిగాడు. “మాఫ్ నువ్వు నాకు చెయ్యాలె చాచా,” అని కాళ్ళకు దండం పెట్టాడు.

మదార్‌సాబ్ అతణ్ణి లేవనెత్తి, బయట నిలబెట్టిన బండి మీద టీజీ అక్షరాల వంక చూశాడు. “రాష్ట్రం ఒస్తదంటున్నరు. సంతోషం. మన హక్కు మనం అడగాలె బిడ్డా, గట్టిగనే అడగాలె. గానీ ఒకటి యాదిల పెట్టుకో. ఇంకొకని హక్కు మీద మన చెయ్యి పడ్డ దినం, మన హక్కు అడిగే నోరు మనకుండదు.”