బయట వేసిన తాళం

ఆ వాడలో తలుపులు లోపలి నుంచి మోగేవి.

బయటి నుంచి ఎవరైనా తలుపు కొడితే ఇంట్లోవాళ్ళు తీస్తారు. అది లోకరీతి. ఆ వాడలో మాత్రం పట్టపగలు, పెద్దవాళ్ళు బూట్ల కార్ఖానాకి పోయిన వేళ, తాళం వేసిన ఇళ్ళ లోపలి నుంచి తలుపులు మోగేవి. దారిన పోయేవాళ్ళు తల వంచుకుని పోయేవాళ్ళు. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేవాళ్ళు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడిగేవాళ్ళు కాదు. అడిగితే తమ తలుపు సంగతీ బయటపడుతుందిగా మరి.

ఈ కథ ఆ తలుపుల్లో ఒకదానిది. మూడో వరసలో చివరి గది. అందులో ఉండేది గడియారమ్మ. అది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, కుట్టుమిషన్ల దగ్గర తోటివాళ్ళు పెట్టింది. పద్దెనిమిదేళ్ళలో ఆమె ఒక్కరోజు ఆలస్యంగా రాలేదు. "సైరను నిన్ను చూసే కూస్తుందటగా" అని ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేది. నోట్లో నాలుక లేని మనిషి. మొగుడు పోయాక ఆమెకి మిగిలింది ఒక్క కూతురు.

ఆ పిల్ల పదహారో ఏట అదే కార్ఖానాలో అంటింపు గదిలో చేరింది. బూటు పైభాగానికి అడుగు అంటించే గది అది. దుమ్ము పడితే జిగురు పట్టదని కిటికీలు మేకులు కొట్టి బిగించేశారు. అందులో అందరూ పద్దెనిమిది నిండని పిల్లలే. లేత వేళ్ళు చురుగ్గా కదులుతాయి, అదొక కారణం. రెండో కారణం మేస్త్రీ నోరు జారినప్పుడు చెప్పేవాడు. ఆ జిగురు వాసనలో పిల్లలకి ఆకలి తెలియదు, అన్నానికి లేవరు.

ఏడాది తిరిగేసరికి ఆ వాసన లేందే వాళ్ళకి పొద్దు గడవకుండా అయింది. చేతులు వణికి అడుగులు వంకరగా అంటించడం మొదలుపెట్టగానే మేనేజరు ఒక్కొక్కరినీ బయటికి గెంటాడు. "మత్తుకి మరిగినవాళ్ళకి ఇక్కడ పని లేదు" అన్నాడు. తల్లులు వెళ్ళి కాళ్ళావేళ్ళా పడితే సలహా కూడా ఇచ్చాడు. "పిల్లల్ని అదుపులో పెట్టుకోవాలమ్మా. ఇంట్లో పెట్టి తాళం వేసుకోండి."

దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది కదూ. కానీ ఆరోజు ఆ తల్లుల్లో ఎవరికీ అలా తోచలేదు. తమ పెంపకమే చెడిందని కుమిలిపోతూ, ఒకరికి తెలియకుండా ఒకరు, వీధి చివర తాళాల తాత దగ్గరికి పోయి తాళాలు కొనుక్కున్నారు.

అంతకుముందు కార్ఖానా పక్కన మందుల గది ఒకటుండేది. అందులో ఒక నర్సమ్మ. తలనొప్పి అని వచ్చిన ప్రతి పిల్లనీ కూర్చోబెట్టుకుని, ఎక్కడ పనిచేస్తున్నావ్, నిద్రపడుతోందా, అమ్మతో మాట్లాడుతున్నావా అని అడిగేది. తల్లుల్నీ పిలిపించేది. ఒకరోజు పైవాళ్ళకి కాగితం రాసింది, జబ్బు పుడుతున్నది అంటింపు గదిలోనే, ముందు కిటికీలు తీయించండి అని. వారం తిరక్కుండా మందుల గది మూతపడింది. ఇప్పుడందులో జిగురు డబ్బాలు పెడుతున్నారు.

ఇక ఆ రోజు సంగతి.

పొద్దున కూతురు "అమ్మా, ఇవాళ ఉండిపోవే. గుండె అదోలా కొట్టుకుంటోంది" అంది. తాళం వెయ్యకుండా ఆపడానికి రోజూ ఏదో ఒకటి చెప్పేది. గడియారమ్మ నమ్మలేదు. "సాయంత్రం వచ్చేస్తాగా" అని అన్నం గిన్నె మీద మూతపెట్టి, తాళం వేసి, ఒకసారి లాగి చూసుకుని, వేళకి పనిలోకి పోయింది.

రెండు గంటలప్పుడు తాళాల తాత కార్ఖానా గేటు దగ్గరికి రొప్పుతూ వచ్చాడు. "చివరి గది తలుపు మోత ఇవాళ వేరేగా ఉంది. తల్లిని పంపించండి" అన్నాడు. కాపలావాడు లోపలికి వెళ్ళి అడిగొచ్చాడు. "సైరను కూసేదాకా గేటు తీసేది లేదన్నారు తాతా. ఒకరికి తీస్తే రోజూ పదిమంది తయారవుతారట." కబురు కుట్టుమిషన్ల దాకా రానేలేదు.

ఐదింటికి సైరను కూసింది. గడియారమ్మ ఇల్లు చేరి తాళం తీసింది. పిల్ల లోపల తలుపుకే ఆనుకుని ఉంది. తలుపు తెరిస్తే తల్లి కాళ్ళ మీదికి ఒరిగింది. అప్పటికే చల్లబడిపోయింది. వేళ్ళ కణుపులు చిట్లి ఉన్నాయి.

ఆ తర్వాత గడియారమ్మకి పొద్దస్తమానం మోత వినబడేది. మూడు దెబ్బలు. కాస్త ఆగి మళ్ళీ మూడు. తలుపు బార్లా తీసి ఉన్నా వినబడేది. బయటికి వెళ్తే గదిలోంచి వినబడేది. పిల్ల తలుపు కొట్టినప్పుడు తను అక్కడ లేదే, మరి ఈ లెక్క చెవిలో ఎవరు పోశారని ఆలోచించేది. తనకి మతి చలిస్తోందేమోనని భయపడేది.

వారం తిరిగాక, ఒక సెలవురోజు మధ్యాహ్నం, వాడలోని వాళ్ళు పలకరింపుకి వచ్చారు. పాత నర్సమ్మ కూడా వచ్చింది. తాత గుమ్మం బయటే కూలబడ్డాడు. పక్కింటి వదిన ఒక్కతే, ఎండలు ముదిరాయని, కుళాయి సరిగ్గా రావట్లేదని, ఏదో ఒకటి చెప్పుకుపోతోంది.

అప్పుడు మోత మొదలైంది.

తన చెవుల్లోదే అనుకుంది గడియారమ్మ. తలెత్తి చూస్తే అందరి మొహాలూ పాలిపోయి ఉన్నాయి. మోత పక్కింట్లోంచి వస్తోంది. వదిన గొంతు ఇంకా పెంచి ఎండల గురించే చెబుతోంది, కళ్ళవెంట మాత్రం నీళ్ళు ధారగా కారిపోతున్నాయి.

గడియారమ్మ లేచింది. వెళ్ళి పక్కింటి తలుపు ముందు నిలబడింది.

"తాళం తియ్యి వదినా."

"తీస్తే పోతాడు గడియారమ్మా. మళ్ళీ ఆ మత్తు వెతుక్కుంటూ పోతాడు."

"తియ్యకపోతే నా పిల్ల పోయినట్టు పోతాడు."

వదిన తాళంచెవిని పిడికిట్లో బిగించింది. "ఆరోజు నాది సాయంత్రం వేళ పని, ఇంట్లోనే ఉన్నాను. నీ పిల్ల కొట్టడం విన్నాను. మూడుసార్లు కొట్టేది, ఆగేది, మళ్ళీ మూడు. మావాడి గోలలాంటిదేలే అనుకుని రేడియో పెంచాను."

వారంగా గడియారమ్మ వింటున్నది సరిగ్గా అదే.

"నేనూ విన్నా" అంది ఎదురింటామె. "కిటికీ మూశాను."

"నా సంగతి అడగరేం" అన్నాడు తాత. "రెండు నిమిషాల్లో తీయగలను ఆ తాళం, అమ్మింది నేనే. ఇంటివాళ్ళు ఎదురుగా లేకుండా ముప్పై ఏళ్ళలో ఒక్క తాళం తీయలేదు. అది మా పనిలో ఒట్టు. ఆ ఒట్టు పట్టుకుని నీకోసం గేటు దగ్గరికి పరుగెత్తాను. ఒట్టు నిలబడింది, పిల్ల పోయింది."

తిలా పాపం తలా పిడికెడు అంటారే, ఆ మధ్యాహ్నం ప్రతివాళ్ళూ తమ పిడికెడు తెచ్చి ఆ గుమ్మంలో పెట్టారు.

"ఇలాంటి తాళాలు ఎన్ని అమ్మావు తాతా?" అని అడిగింది నర్సమ్మ.

"ఈ వాడలోనే ముప్పై ఎనిమిది. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట, దొంగల భయం అని. ఈ కొంపల్లో దొంగకి ఏం దొరుకుతుందమ్మా? వాడే జాలిపడి ఏదో పెట్టి పోతాడు."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఏడుపయింది.

"నా ఒక్కదాని పెంపకమే చెడిందనుకున్నా" అంది వదిన.

"ముప్పై ఎనిమిదిమంది పెంపకం ఒకే గదిలో, ఒకే ఏడాదిలో చెడుతుందా?" అంది నర్సమ్మ.

పెట్టెలు మోసే ఒకాయన, ఇద్దరు పిల్లల తండ్రి, గోడ దగ్గర్నుంచి విసుక్కున్నాడు. "చెడగొట్టింది ఎవరో తెలిస్తే మాత్రం ఏం చేస్తాం? కార్ఖానా వాళ్ళది, ఈ గదులూ వాళ్ళవే. నోరెత్తితే రోడ్డున పడతాం."

"ఇప్పుడెక్కడున్నాం అన్నయ్యా?" అంది గడియారమ్మ. ఆమె నలుగురిలో మాట్లాడటం వాళ్ళు వినడం అదే మొదలు.

వదిన తాళం తీసింది. లోపలున్న పదిహేడేళ్ళవాడు వెలుగుకి కళ్ళు మూసుకున్నాడు. పారిపోతాడనుకున్నారంతా. వాడు వచ్చి గడియారమ్మ పక్కన కూర్చున్నాడు. "పెద్దమ్మా, తను నా పక్కనే కూర్చుని పనిచేసేది. అన్నం డబ్బాలు మూత తియ్యకుండా ఇంటికి తెచ్చేవాళ్ళం, మీరు తిట్టేవాళ్ళు. ఆకలి వేసేది కాదు పెద్దమ్మా, అబద్ధం కాదు" అన్నాడు.

మర్నాటి నుంచి గడియారమ్మ గది కూర్చునే గది అయింది. పొద్దుటి వేళ పనికి పోయేవాళ్ళ పిల్లల్ని సాయంత్రం వేళ వాళ్ళు చూసుకునేవాళ్ళు. ఒక్కరినీ ఒంటరిగా వదలకూడదు, తాళం వెయ్యకూడదు, తిట్టకూడదు. ఈ మూడే నియమాలు. నర్సమ్మ సాయంత్రాలు వచ్చి పిల్లల్ని చూసేది, మరీ బాగోలేనివాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళేది. నెలల తరబడి కంటిమీద కునుకు లేని తల్లుల్ని కూడా కూర్చోబెట్టి వినేది. అంతా ఇట్టే చక్కబడిపోయిందని చెబితే మీరే నవ్వుతారు. ఇద్దరు పారిపోయారు, ఒకడు తిరిగొచ్చాడు, రెండోవాడు ఇప్పటికీ రాలేదు. కానీ ఆ వాడలో తలుపులు మోగడం ఆగింది. మోత గడియారమ్మకి ఒక్కదానికే వినబడేది.

వాళ్ళు నాలుగు మాటలు కాగితం మీద పెట్టారు. అంటింపు గది కిటికీలు తీయాలి. పద్దెనిమిది నిండనివాళ్ళని అందులో కూర్చోబెట్టకూడదు. గెంటేసిన పిల్లలకి వైద్యం చేయించి వేరే పని ఇవ్వాలి. మందుల గది నర్సమ్మతో సహా తిరిగి తెరవాలి. మూడుసార్లు పట్టుకెళ్ళారు. మూడోసారి మేనేజరు కాగితం ముట్టుకోకుండానే అన్నాడు. "మీ ఇంటి గొడవలు గేటు బయట పెట్టుకుని రండి."

ఆ తర్వాత నాలుగోరోజు గడియారమ్మ పని నుంచి వచ్చేసరికి ఆమె గదికి కార్ఖానా తాళం వేలాడుతోంది. గది కార్ఖానాది కాబట్టి, అందులో మత్తు మనుషుల్ని పోగేస్తున్నారు కాబట్టి, ఖాళీ చేయించారట. పిల్లలు వీధిలో నిలబడి ఉన్నారు.

గడియారమ్మ ఆ తాళాన్ని లాగి చూసింది. తర్వాత అడిగింది. "మన తాళాలు ఎవరైనా పారేశారా?"

ఎవరూ పారేయలేదు. ఎవరి తాళం వాళ్ళింట్లోనే, కంటికి కనపడని చోట ఉంది.

మర్నాడు పొద్దున, సైరనుకి ముందే, వాడ వాడంతా గేటు దగ్గరికి కదిలింది. తాళాలు వేసేద్దామని కుర్రవాళ్ళు ముందుకి తోసుకొచ్చారు. "మేనేజరు లోపలే ఉన్నాడు. ఉండనీ, ఓ పూట మనలాగే తలుపు బాదుకోనీ" అన్నాడు పెట్టెలు మోసే ఆయన. ఔనౌనని చాలామంది గొంతు కలిపారు.

గడియారమ్మ గేటుకి అడ్డంగా నిలబడింది. "లోపల ఒక్క ప్రాణి ఉన్నా నేను తాళం వెయ్యనివ్వను" అంది. "అది ఎలా ఉంటుందో నాకు తెలుసు."

వాదన చాలాసేపు నడిచింది. చివరికి కాపలావాడే వెళ్ళి మేనేజర్ని పిలుచుకొచ్చాడు. ఆయన జనం మధ్యలోంచి బయటికి నడిచాడు. కాపలావాడు గదులన్నీ తిరిగి చూసొచ్చి, లోపల ఎవరూ లేరని చెప్పి, తనూ జనంలో కలిశాడు. వాడికీ ఒక చెల్లెలుంది, వాడింటికీ ఒక తాళముంది.

అప్పుడు వేశారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి గేటు గొలుసుకి తమ తాళం తగిలించి, లాగి చూసుకుని, పక్కకి జరిగారు. ముప్పై ఏడయ్యాక గడియారమ్మ వచ్చింది. తాళం గొలుసుకి తగిలించబోయి ఆగింది. తాత ఆమె చేతి కింద తన చెయ్యి ఆన్చాడు, ఆమె తాళం వేసింది. సైరను కూసింది. ఆ కూత విని కూడా గడియారమ్మ గేటు బయటే నిలబడి ఉండడం పద్దెనిమిదేళ్ళలో అదే మొదటిసారి.

పోలీసులు వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. "ఈ తాళాలు ఎవరివి?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"నాది." "నాదీ ఉంది." "మావి."

"తాళంచెవులు ఇచ్చెయ్యండి."

ముప్పై ఎనిమిది చేతులు తాళంచెవులతో పైకి లేచాయి. ఒక్క చెయ్యీ ముందుకి చాచలేదు. "కిటికీలు తీస్తే ఇవీ తీస్తాం" అంది వదిన.

వీళ్ళని నడిపిస్తున్నది ఎవరని అడిగితే మేనేజరు గడియారమ్మని చూపించాడు. ఇద్దరు ఆమె రెక్కలు పట్టుకుని వ్యానులోకి నెట్టి, బయటి నుంచి గడియ వేశారు.

లోపల చీకటి. ఇనుప రేకుల వేడి. గడియారమ్మకి ఊపిరాడలేదు. కూతురు గుర్తొచ్చింది. ఇలాగే కదూ తల్లీ, అనుకుంది. ఇలాగే ఉండిందా నీకు. ఆమె పిడికిలి దానంతటదే లేచింది. మూడుసార్లు కొట్టింది. ఆగింది. మళ్ళీ మూడు.

బయట ఒక్క క్షణం ఏమీ వినబడలేదు. తర్వాత వ్యాను రేకు మీద, బయటి నుంచి, మూడు దెబ్బలు పడ్డాయి. అది వదిన చెయ్యి. ఆ వెంటనే గేటు మోగింది, గేటు మీది తాళాలు మోగాయి, అవతల వాడలో నర్సమ్మ దగ్గరున్న పిల్లలు కొడితే, బార్లా తీసి ఉన్న తలుపులన్నీ మోగాయి. వ్యాను ఇంజను గర్జించింది గాని చక్రం కదల్లేదు. ముందంతా మనుషులు కూర్చున్నారు.

గడియారమ్మ చెవి రేకుకి ఆనించి విన్నది. ఇన్నాళ్ళకి ఆ మోత ఆమె ఒక్కదానికే కాదు, అందరికీ వినబడుతోంది.