బంతిలో ఖాళీ ఆకు

"మిరియమా?" అని అడిగారు ఫోన్లో పాపాయి గారు.

"ఆఁ, లిథియమేనండి!" అని అరిచింది సూర్యకళ.

అరవక ఏం చేస్తుంది? సరిగ్గా అప్పుడే అమ్మిరాజు నా కొట్టు ముందు నిలబడి, కొత్త పెట్రోలు కోత మిషను తాడు లాగి, ధవళేశ్వరం దాకా వినపడేలా మోగిస్తున్నాడు. ఆ మోతలో స్పీకర్లో పెట్టిన ఫోను కూడా చెవికి ఆనించుకుంటే తప్ప వినపడటం లేదు.

"ఘాటుగా పెట్టమంటావా?"

సూర్యకళ నా వైపు చూసింది. నాకేం తెలుసన్నట్టు నేను పెదవి విరిచాను.

"ఎంత స్పీడుగా అయితే అంత మంచిదండి!"

"ఎంతమందికే?"

"రెండేనండి!"

"రెండు గుండిగలా! సరే, నేనే పెడతాలే. నువ్వు చేతులూపుకుంటూ రా."

ఫోను పెట్టేశారు. సూర్యకళ అయోమయంగా నిలబడింది. "గుండిగలేంటండీ షావుకారు గారూ? బ్యాటరీలకి ఛార్జింగ్ పెట్టుకోడానికి ప్లగ్గు చూపించమన్నాను. అంతేగదండీ?"

"పెద్దావిడ కదా, బ్యాటరీని గుండిగ అంటారేమోలే" అని తేల్చేశాను. నాది కడియపులంకలో నర్సరీలకి పనిముట్లు అమ్మే కొట్టు. తండ్రి పెట్టిన పేరు జోగేశ్వరరావు, ఊరు పెట్టిన పేరు జోకేశ్వరరావు. తెలియని విషయం వచ్చినప్పుడు ఒక జోకేసి తప్పించుకోవడం నా వ్యాపార రహస్యం.

కానీ ఈసారి తప్పించుకునే వీలు లేదు. ఆ బ్యాటరీ మిషన్లు సూర్యకళకి అమ్మింది నేనే.

సూర్యకళ చేతిలో కత్తెర ఉంటే పొద కాస్తా ఏనుగయ్యేది, నెమలయ్యేది. నలుగురు ఆడవాళ్లని వెంటేసుకుని పన్నెండేళ్లు కంచెలు కత్తిరించింది. అంతలో పెట్రోలు మిషన్లొచ్చాయి. కత్తెరల వాళ్లని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. తనూ ఒక పెట్రోలు మిషను పట్టి చూసింది. తాడు లాగీ లాగీ కుడిభుజం పట్టు తప్పింది. సాయంత్రానికి చేతులు తిమ్మిరెక్కి అన్నం కలుపుకోలేకపోయింది. భుజాన మోత, చెవిలో మోత, ఇంటికెళితే నొప్పుల మోత! అందుకే బ్యాటరీతో నడిచే గడ్డి మిషను, కంచె కత్తిరించే మిషను తీసుకుంది. రెండింటికీ కలిపి ఉన్నవి రెండే బ్యాటరీలు.

పాపాయి గారి కల్యాణ మండపంలో ఏడాది పొడుగునా తోటపని ఉంటుంది. ఆ పని దొరికితే ఆ అయిదుగురి జట్టు నిలుస్తుంది. దొరక్కపోతే ఎవరికి వాళ్లు నర్సరీల్లో కవర్లకి మట్టి నింపుకోవాల్సిందే. ఆ పనికే అమ్మిరాజు కూడా వచ్చాడు. ఇద్దర్నీ చూసి పాపాయి గారు తోటని సగానికి చీల్చారు. "తూర్పు సగం నీది, పడమటి సగం రాజుది. రేపు మధ్యాహ్నం నిశ్చితార్థం వాళ్లొస్తారు. పన్నెండింటి లోపల ఎవరిది చక్కగా పూర్తయితే వాళ్లదే పని."

అమ్మిరాజు మంచివాడే. కాకపోతే రెండు రకాల కోతలూ కోస్తాడు.

"సూర్యకళా, ఆ బొమ్మ తుపాకీ ఎంతసేపు పేలుద్దే? గంట కోత, గంట కూత! నాది చూడు, సీసాడు పెట్రోలు పోస్తే సూర్యుడు దిగేదాకా ఆగదు."

"ఆగదుగానీ రాజు గారూ, ఆగమన్నా వినదండి. ఆయ్!" అంది సూర్యకళ.

మర్నాడు ఏడింటికి పని మొదలైంది. కొట్టు మా ఆవిడ మీనాకుమారికి అప్పజెప్పి నేనూ వెళ్లాను, సరుకు పరువు నా పరువే కనక. పడమటి పక్క అమ్మిరాజు చెవుల్లో దూది కుక్కుకుని, తాడు లాగి, నీలం పొగలో మాయమయ్యాడు. తూర్పు పక్క సూర్యకళ బొత్తాం నొక్కింది. ఫ్యాను తిరిగినంత చప్పుడు. వెనకే నలుగురూ కబుర్లు చెప్పుకుంటూ తెగిన గడ్డి పోగు చేస్తున్నారు.

మొదటి గంటన్నర బాగానే నడిచింది. గడ్డి మైదానం నున్నగా దువ్విన తలలా వచ్చింది. కానీ తొమ్మిదింటికల్లా మొదటి బ్యాటరీ కళ్లు మూసింది. భోజనాల హాలు తాళం ఇంకా తియ్యకపోవడంతో దానికి ప్లగ్గు దొరకలేదు. పదింటికి, కంచెలో సగమైనా కాకుండానే, రెండోదీ దాని దారినే పోయింది. అమ్మిరాజు అప్పటికి గడ్డి ముగించి కంచెలో సగం దాటేశాడు. దూరం నుంచే బొటనవేలు కిందికి చూపించి పళ్లికిలించాడు.

సూర్యకళ మొహం వాడిపోయింది. "ఒక్కోదానికీ గంట పడుద్దండి షావుకారు గారూ. రెండు ఛార్జర్లూ ఒకేసారి పెట్టినా పదకొండు. ఈలోపు ఆయన ముగించేస్తారు. ఈ మిషన్లు మీరు వెనక్కి తీసుకోవాల్సిందే."

నా నోట్లోంచి జోకు రాలేదు. రానిది జీవితంలో అదే మొదటిసారి.

అప్పుడు మండపం వంటశాల గుమ్మంలోంచి పాపాయి గారి కేక వినపడింది. "భోజనాలకి లేవండర్రా! ఆకులేశాం!"

పదింటికే భోజనమేమిటంటే, తెల్లారి పనిలోకి దిగినవాళ్లకి పాపాయి గారి ఇంట్లో అదే వేళ. సూర్యకళా, ఆమె జట్టూ, నేనూ వెళ్లి కాళ్లు కడుక్కున్నాం. భోజనాల హాల్లో గోడకి రెండు ప్లగ్గులు కనిపిస్తే సూర్యకళ గబగబా ఛార్జర్లు తగిలించింది. రెండు ఎర్ర దీపాలు వెలిగాయి. ఏడు అరిటాకులు వరసగా పరిచి ఉన్నాయి. ఆరింటి ముందు మేం కూర్చున్నాం. ఏడోది అమ్మిరాజుది.

పాపాయి గారింట బంతికి ఒకే నియమం. వేసిన ప్రతి ఆకు ముందూ మనిషి కూర్చుంటేనే వడ్డన. ఒక్క ఆకు ఖాళీగా ఉన్నా గరిటె లేవదు.

"ఏం రాజూ, భోజనానికి రావయ్యా!" అని ఆవిడ గుమ్మంలోంచి పిలిచారు. బయట డుర్రుమని మోత. మళ్లీ పిలిచారు. మళ్లీ డుర్రు. మూడోసారి మెట్లు దిగి, చెయ్యెత్తి రమ్మని ఊపారు. అమ్మిరాజు చూశాడు. విశ్రాంతి తీసుకోమంటున్నారనుకుని, అక్కర్లేదన్నట్టు చేత్తో విసిరికొట్టి మళ్లీ పనిలో పడ్డాడు.

పాపాయి గారు లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నారు. కోపం వస్తే ఆవిడ అరవరు. గరిటె గిన్నె మీద పెట్టి మూత వేస్తారు, అంతే. మూత పడింది.

"ఈ మండపంలో ఆకు చూపించి పిలిస్తే, రానని చెయ్యి విసిరినవాడు ఇన్నేళ్లలో ఒక్కడూ లేడు. వచ్చేదాకా చూద్దాం."

పనసపొట్టు కూర పోపు వాసన, గుమ్మడికాయ పులుసు వాసన వరసగా మా ముందు నుంచి నడిచి వెళ్లిపోతున్నాయి. నా కడుపులో అమ్మిరాజు మిషను కంటే పెద్ద మోత. అయినా ఆకలి మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. గోడ వైపు చూశాను. ఛార్జర్ల మీద ఒక్కో గీతా పెరుగుతోంది. సూర్యకళ కూడా చూసింది. ఇద్దరం పెదాలు బిగించి తలలు దించుకున్నాం. బంతిలో కూర్చుని నవ్వితే బావుండదు.

పది నలభైకి బయట చప్పుడు తుక్కుతుక్కుమని ఆగింది. పెట్రోలు అయిపోయింది. చెవుల్లో దూది తీసుకుంటే గానీ అమ్మిరాజుకి ప్రపంచం వినపడలేదు. వినపడిన మొదటి మాట పాపాయి గారి "రాజూ!" అన్న కేక. పరుగెత్తుకొచ్చి చూస్తే ఆరుగురు ఆకలిగొన్నవాళ్లు, ఒక ఖాళీ ఆకు, ఒక మూతపడ్డ గిన్నె.

"అయ్యయ్యో పాపాయమ్మ గారూ, వినపళ్లేదండి బాబూ! ఇంకో పావుగంటలో పనైపోద్ది, ముగించి..."

"కూర్చో."

కూర్చున్నాడు. అప్పుడు మూత తీశారు. మమ్మల్ని ఆకలితో కూర్చోబెట్టినందుకు అతనికి శిక్ష వడ్డనలోనే పడింది. వద్దన్నకొద్దీ అన్నం, వద్దన్నకొద్దీ నెయ్యి. పెట్రోలు కాదది, పెట్టు రోలు! ఆ రోట్లో అతని తలకాయ ఇరుక్కుంది.

ఆ తర్వాత పనివాళ్లు రెండు గుండిగలు మోసుకొచ్చి, తిన్నగా సూర్యకళ ఆకు ముందు దించారు. పొగలు కక్కుతున్న మిరియాల చారు. "నీకే" అన్నారు పాపాయి గారు. అందరికీ కాకుండా తనకే ఎందుకో సూర్యకళకి అర్థం కాలేదు. పెట్టింది ఎందుకని అడగడం మర్యాద కాదు కనక గ్లాసు నింపుకుని, కళ్లవెంట నీళ్లు కారుతున్నా మూడు గుక్కల్లో తాగేసింది.

మేం చేతులు కడుక్కునేసరికి పదకొండున్నర. గోడ మీద రెండు పచ్చదీపాలు!

సూర్యకళ బ్యాటరీ దోపింది. బొత్తాం నొక్కింది. కంచె మీద మిషను నీటి మీద పడవలా సాగింది. మిరియాల ఘాటు కూడా పనిచేసిందేమో, ఆ వేగం నేనెప్పుడూ చూడలేదు.

పడమటి పక్క అమ్మిరాజు పెట్రోలు పోసి తాడు లాగాడు. మిషను దగ్గింది. మళ్లీ లాగాడు. తుమ్మింది. ఇంకా వెచ్చగా ఉన్న ఇంజనుకి కంగారులో చోక్ వేసి లాగడంతో పెట్రోలు ముంచెత్తింది. తాడో పేడో తేలిపోవాలని నడుం కట్టి లాగితే, తాడు సగమే వచ్చింది. నిండిన కడుపు వంగనివ్వలేదు. గట్టున కూర్చుని ఆయాసపడ్డాడు. అతనికి మిగిలింది పది గజాల కంచె. ఆ పది గజాలూ పన్నెండు కొట్టాక కూడా జుట్టు విరబోసుకుని అలాగే నిలబడ్డాయి.

పదకొండు యాభై ఏడుకి సూర్యకళ చివరి కొమ్మ తీసింది. అంతటితో ఆగలేదు. మిగిలిన మూడు నిమిషాల్లో గేటు పక్క పొదకి పాత కత్తెరతో నెమలి తలొకటి చెక్కింది. నలుగురూ చప్పట్లు కొట్టారు. నేను ఈల వేశాను. నా వయసుకి అది తగదని తెలుసు, అయినా రెండోసారి కూడా వేశాను.

పాపాయి గారు తోటంతా తిరిగొచ్చారు. "ఇక్కడ ముహూర్తాలుంటాయి. లోపల మంత్రం చదువుతుంటే బయట డుర్రుమంటే కుదరదు. పిలిస్తే పలికే మిషనే నాకు కావాలి. తోటా, కంచెలూ ఇకనుంచి సూర్యకళ జట్టువి."

సూర్యకళ నలుగుర్నీ దగ్గరికి లాక్కుని, ఆ కుడిచేత్తోనే గట్టిగా పట్టుకుంది.

"రాజూ, నువ్వూ మొహం వేలాడేయకు. కాలవ గట్టు మీద మనిషెత్తు తుంగ పెరిగింది. అక్కడ ఆకులు వెయ్యం, పిలవం. నీ పెట్రోలు దానికి సరిపోద్ది" అన్నారు ఆవిడ.

"ఆయ్, మహాభాగ్యమండి!" అని అమ్మిరాజు లేచి, సూర్యకళకి దణ్ణం పెట్టాడు. "కంచె దగ్గర ఓడలేదే తల్లీ, కంచం దగ్గర ఓడిపోయాను."

ఆ జోకు నేను వేయాల్సింది. నా జన్మలో జోకులో నన్ను మించిపోయిన పాపం కట్టుకున్నవాడు అతనొక్కడే.

"అది సరేగానీ సూర్యకళా," అని పాపాయి గారు నడుం మీద చేతులు పెట్టుకున్నారు, "ఫోను చేసి మరీ రెండు గుండిగల మిరియాల చారు పెట్టమన్నావు. ఒక్క గ్లాసు తాగి లేచావేంటే? మిగతాది ఎవరు తాగాలి?"

సూర్యకళ నోరు తెరిచింది. నేను నుదురు కొట్టుకున్నాను. "పాపాయమ్మ గారూ, చారు కాదండీ, ఛార్జింగ్! బ్యాటరీలకి ఛార్జింగ్ పెట్టుకోడానికి చోటడిగింది. మిరియం కాదు, లిథియం, అది బ్యాటరీ రకం. రెండు గుండిగలు కాదు, రెండు బ్యాటరీలు. అప్పుడు ఫోను పక్కనే ఇదిగో, ఈ రాజు గారి మిషను మోగుతోంది!"

ముందుగా పాపాయి గారే నవ్వారు. తర్వాత అందరం గడ్డి మీద పడి దొర్లాం.

అమ్మిరాజు మాత్రం గ్లాసు తెచ్చుకుని గుండిగ పక్కన చతికిలబడ్డాడు. "తప్పు నా మిషనుదే గదండీ. అరగాలి కూడాను. నాకు ఛార్జింగ్ పెట్టండి పాపాయమ్మ గారూ, ఫుల్లుగా!"